పన్నెండు మైళ్ల అవతలి ఆకాశం

సముద్రపు ఒడ్డున ఇసుకలో నిలబడ్డ మనిషికి నీళ్ల మీద చూపు నాలుగున్నర కిలోమీటర్లకు మించి ఆనదు. భూమి గుండ్రంగా ఉండడమే అందుకు కారణం. అంతకంటే బాగా దూరాన ఉన్న ఓడ అడుగుభాగం నీటి వంపు చాటుకు దిగిపోయి, పైభాగం మాత్రమే కనిపిస్తుంది. అదే మనిషి లైట్‌హౌస్ ఎక్కాడంటే దిగ్మండలం ఇంకా వెనక్కి జరుగుతుంది. రాడార్లు, చాలా సైనిక రేడియోలు వాడే అధిక పౌనఃపున్య తరంగాలకూ దాదాపు ఇదే నియమం వర్తిస్తుంది. గాలి వాటిని కొద్దిగా నేలవైపు వంచుతుంది కాబట్టి కంటిచూపు కంటే కాస్త ముందుకు సాగుతాయి, అంతే తేడా. లెక్క తేలికే. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిగ్మండలం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ఓడ స్తంభం మీద 25 మీటర్ల ఎత్తున బిగించిన యాంటెన్నాకు అది సుమారు 20 కిలోమీటర్లు. 22,500 అడుగుల ఎత్తున ఎగిరే విమానానికి 340 కిలోమీటర్లు.

ఒక దేశపు గగనతలం మాత్రం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దగ్గరే ముగుస్తుంది. అంటే 22 కిలోమీటర్లు. ఆ గీతను ఒక్క మీటరు కూడా దాటకుండా, గీతకు ఇవతలే తిరుగుతూ, తీరానికి 300 కిలోమీటర్ల లోపల పనిచేసే రాడార్ల సంకేతాలను, విమానాలతో కంట్రోల్ కేంద్రాలు జరిపే సంభాషణలను విమానంలో కూర్చుని పట్టుకోవచ్చు. చట్టం గీసిన హద్దు ఒకచోట ఉంది, భౌతికశాస్త్రం గీసిన హద్దు మరోచోట ఉంది. ఈ రెండు హద్దుల నడుమ ఉన్న ఆకాశంలో దేశాలు డెబ్బై అయిదేళ్లుగా కొట్లాడుకుంటున్నాయి. వందల మంది ప్రాణాలు అక్కడ పోయాయి.

22,500 అడుగులన్న అంకెను నేను ఊరికే ఎంచుకోలేదు. 2001 ఏప్రిల్ 1న, ఒక ఆదివారం, అమెరికా నౌకాదళపు ఈపీ-3ఈ విమానం దక్షిణ చైనా సముద్రం మీద ఎగురుతున్న ఎత్తు అది. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఉన్న కడేనా స్థావరం నుంచి బయల్దేరింది. నాలుగు పంకాల ఇంజిన్లున్న నెమ్మదైన పాతకాలపు విమానం. లోపల 24 మంది. వాళ్లలో విమానాన్ని నడిపేవాళ్లు కొద్దిమందే. తక్కినవాళ్ల పని యంత్రాల తెరల ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినడం. చైనాకు చెందిన హైనాన్ దీవి అక్కడికి 110 కిలోమీటర్లు.

రెండు చైనా యుద్ధ విమానాలు ఎదురొచ్చాయి. అందులో కొత్తేమీ లేదు. అలా వచ్చి, పక్కన కాసేపు ఎగిరి, వెళ్లిపోవడం అప్పటికే రివాజు. అయితే ఆ విమానాల్లో ఒకదాన్ని నడుపుతున్న వాంగ్ వే అంతకుముందు కూడా అతి దగ్గరగా వచ్చేవాడని, ఒకసారి అద్దంలోంచి తన ఈమెయిల్ చిరునామా రాసిన కాగితం చూపించాడని అమెరికన్లు తరవాత చెప్పారు. ఇక్కడ కాస్త విమానశాస్త్రం తెలియాలి. ఈపీ-3 గంటకు 330 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దానికి ఆ వేగం హాయి. వాంగ్ నడుపుతున్న జే-8 ధ్వనికి రెండింతల వేగం అందుకోవడానికి తయారైన త్రికోణపు రెక్కల విమానం. అంత నెమ్మదిగా పోవాలంటే ముక్కు బాగా పైకెత్తి, రెక్కల కింద గాలిని బలవంతాన పట్టుకుని వేలాడాలి. ఆ స్థితిలో రెక్కలు లేపే బలానికీ విమానం బరువుకూ మధ్య మిగులు చాలా తక్కువ. కంట్రోళ్లు మందకొడిగా స్పందిస్తాయి. అలాంటి విమానాన్ని మరొక విమానానికి కొన్ని మీటర్ల దగ్గరికి తేవడమంటే ఎంత నేర్పరికైనా ప్రాణాంతకమే.

వాంగ్ మూడోసారి దగ్గరికి వచ్చినప్పుడు రెండూ గుద్దుకున్నాయి. ఈపీ-3 ఎడమ చివరి పంకా చైనా విమానాన్ని కోసేసింది. అది రెండు ముక్కలై సముద్రంలో పడింది. అమెరికా విమానం ముక్కు ఊడిపోయింది. వేగం, ఎత్తు చూపించే పరికరాలు పనిచేయడం మానేశాయి. విమానం దాదాపు తలకిందులై వేల అడుగులు పడిపోయింది. పైలట్ లెఫ్టినెంట్ షేన్ ఆస్బోర్న్ దాన్ని ఎలాగో నిలదొక్కుకునేలా చేసి, అందుబాటులో ఉన్న ఒకే ఒక్క రన్‌వే వైపు తిప్పాడు. అది హైనాన్‌లోని లింగ్‌షుయి, చైనా సైనిక స్థావరం. దిగేలోపు సిబ్బంది గొడ్డలితో యంత్రాలను పగలగొట్టారు, వేడి కాఫీని వాటి మీద పోశారు, కాగితాలు చింపారు. అయినా రహస్య సామగ్రి చాలామటుకు చెక్కుచెదరకుండా చైనా చేతికి చిక్కిందని అమెరికా అంతర్గత నివేదికే చెప్పింది. ఆ సంగతి 2017లో బయటపడింది.

ఆ 24 మందినీ చైనా 11 రోజులు తన దగ్గరే ఉంచుకుంది. అమెరికా విమానమే హఠాత్తుగా మలుపు తిరిగి తమ పైలట్‌ను గుద్దిందని చైనా వాదన. తిన్నగా, ఒకే దిశలో పోతున్న తమ విమానం కిందికి చైనా పైలట్ వచ్చి గుద్దాడని అమెరికా వాదన. చివరికి అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్ చైనా విదేశాంగ మంత్రికి ఒక ఉత్తరం ఇచ్చారు. పైలట్ మరణానికీ, అనుమతి లేకుండా దిగినందుకూ ఎంతో విచారిస్తున్నామని అందులో ఉంది. నిఘా తప్పని మాత్రం ఎక్కడా లేదు. చైనా దాన్ని క్షమాపణగా తన ప్రజలకు చెప్పుకుంది, అమెరికా క్షమాపణ కాదని తన ప్రజలకు చెప్పుకుంది, మనుషులు ఇళ్లకు చేరారు. విమానాన్ని ఎగరనివ్వడానికి చైనా ఒప్పుకోలేదు. ముక్కలుగా విప్పి, జులైలో ఒక భారీ రష్యన్ రవాణా విమానంలో తీసుకుపోవలసి వచ్చింది. చైనా 10 లక్షల డాలర్ల ఖర్చు అడిగింది. అమెరికా 34,567 డాలర్లు ఇస్తానంది. చైనా తిరస్కరించింది. వాంగ్ వే శరీరం దొరకనేలేదు. ఆయన భార్య అమెరికా అధ్యక్షుడికి ఉత్తరం రాసింది.

ఇంత ప్రమాదానికి ఒడిగట్టి ఆ విమానాలు ఏం వింటాయి?

సైనికుల మాటలు అందులో ఒక భాగమే. అంతకంటే విలువైనది రాడార్ల గొంతు. ప్రతి రాడార్ తరంగాలను చిన్న చిన్న తునకలుగా విడిచిపెడుతుంది. ఒక్కో తునక ఎంతసేపు ఉంటుంది, సెకనుకు ఎన్ని తునకలు, ఏ పౌనఃపున్యం, యాంటెన్నా ఎన్ని సెకన్లకు ఒకసారి చుట్టూ తిరుగుతుంది అన్న నాలుగైదు లక్షణాలు కలిస్తే ఆ రాడార్ ఏ రకమో పోల్చుకోవచ్చు. విమానాలను దూరం నుంచి గమనించే రాడార్ ఒకలా పలుకుతుంది, క్షిపణికి దారి చూపే రాడార్ మరొకలా పలుకుతుంది. ఈ లక్షణాలన్నీ ఒక జాబితాగా చేరుస్తారు. యుద్ధమంటూ వస్తే, ఆ తీరం మీదికి వెళ్లే పైలట్ హెచ్చరిక యంత్రంలో ఆ జాబితా ఉంటుంది. నిన్ను ఇప్పుడు చూస్తున్నది మామూలు రాడార్ కాదు, క్షిపణి రాడార్ అని అది చెప్పగలిగితేనే అతడు బతుకుతాడు. రాడార్‌ను గందరగోళపరచే జామర్‌కూ ఇదే జాబితా ఆధారం. అందుకే ఏ సైన్యమూ ఈ పనిని మానుకోదు. మానుకోమని అడగడం వ్యర్థమని నా అభిప్రాయం.

వినేవాడికి ప్రకృతి ఒక సౌలభ్యం కూడా ఇచ్చింది. రాడార్ తరంగం విమానాన్ని తాకి, ప్రతిధ్వనిగా వెనక్కి వస్తేనే రాడార్‌కు విమానం కనిపిస్తుంది. పోయేటప్పుడు పలచబడుతుంది, వచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది. విమానంలో ఉన్నవాడికి పోయే తరంగం ఒక్కటి చాలు. దూరం రెండింతలైతే వినేవాడికి అందే శక్తి నాలుగో వంతుకు తగ్గుతుంది. రాడార్‌కు తిరిగి అందే ప్రతిధ్వని పదహారో వంతుకు పడిపోతుంది. దిగ్మండలం అడ్డు రానంతవరకూ, రాడార్ విమానాన్ని స్పష్టంగా చూసేలోపే విమానం రాడార్‌ను వినేస్తుంది.

విన్న రాడార్ ఎక్కడుందో తేల్చడానికి విమానం తీరానికి సమాంతరంగా గంటల తరబడి అటూ ఇటూ తిరుగుతుంది. ఒకచోటి నుంచి చూస్తే సంకేతం ఏ దిక్కు నుంచి వస్తోందో మాత్రమే తెలుస్తుంది. యాభై కిలోమీటర్లు పోయాక మళ్లీ దిక్కు చూసి, రెండు గీతలూ మ్యాపు మీద గీస్తే అవి ఖండించుకున్న చోటే రాడార్.

ఇన్ని ఉపగ్రహాలుండగా విమానాలెందుకని చాలామంది అడుగుతారు. 500 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం ఒక ప్రదేశానికి కనిపించేది పది నిమిషాలకు అటూ ఇటూ. పైగా అది ఎప్పుడొస్తుందో ముందే లెక్కకట్టవచ్చు. ఆ పది నిమిషాలూ రాడార్ ఆపేస్తే సరిపోతుంది. భూమి మీద ఒకేచోట నిలిచినట్టు కనిపించే ఉపగ్రహం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. 100 కిలోమీటర్ల దూరంలోని విమానానికి అందే సంకేతంతో పోలిస్తే దానికి అందేది సుమారు లక్షా ముప్పై వేల రెట్లు బలహీనం. ఉపగ్రహాలూ వింటాయి, కానీ విమానం చేసే పని పూర్తిగా వాటితో జరగదు.

మూడో కారణం గురించి సైన్యాలు బయటికి ఎక్కువ మాట్లాడవు. యుద్ధానికని దాచిపెట్టుకున్న రాడార్లను మామూలు రోజుల్లో ఎవరూ మోగించరు. శత్రు విమానం దూసుకొస్తోందన్న అనుమానం కలిగితే మోగిస్తారు. అందుకని ప్రచ్ఛన్న యుద్ధకాలంలో కొన్ని విమానాలు నేరుగా తీరం వైపు దూసుకెళ్లి, హద్దు దగ్గర పక్కకు తిరిగేవి. నేలమీద గగ్గోలు పుట్టేది, రాడార్లు వెలిగేవి, సమీప స్థావరాల నుంచి విమానాలు లేచేవి, అదంతా రికార్డయ్యేది. తీర దేశం కోపంలో న్యాయం ఉందని నాకు అనిపించేది ఇక్కడే. దూరం నుంచి వినడం ఒక సంగతి. దాడి మొదలైందేమో అని భయపెట్టి, ఆ భయాన్ని కొలుచుకోవడం మరొక సంగతి. రాడార్ తెర ముందు కూర్చున్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఆ రెండింటి తేడా తెలిసే దారి లేదు.

హైనాన్ దగ్గర మరో కారణం కూడా కలిసింది. ఆ దీవి దక్షిణ కొనలోని యూలిన్ చైనా అణు జలాంతర్గాములకు స్థావరం. జలాంతర్గామిని వెతికే విమానాలు సోనోబాయ్‌లను సముద్రంలో జారవిడుస్తాయి. రెండు మూరల పొడవుండే గొట్టాలవి. నీళ్లలో పడగానే ఒక భాగం పైన తేలి రేడియోగా పనిచేస్తుంది. మైకు ఉన్న భాగం తీగతో లోతుకు దిగుతుంది. నీటిలో శబ్దం సెకనుకు 1,500 మీటర్లు, గాలిలో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంతో పోతుంది. జలాంతర్గామి పంపుల చప్పుడు, పంకా చప్పుడు విని దేని గొంతు ఏదో గుర్తుపట్టేస్తారు. జలాంతర్గామికి ఉన్న రక్షణంతా కనబడకపోవడమే కాబట్టి, సొంత రేవు ముందే దాని గొంతు రికార్డు చేసుకుపోతుంటే ఆ దేశం ఊరుకోదు.

ఇక చట్టం సంగతి. 1982లో కుదిరి 1994లో అమల్లోకి వచ్చిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒప్పందం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల నీటినీ, దానిపై ఆకాశాన్నీ పూర్తిగా తీర దేశానికి ఇచ్చింది. ఎవరికీ హాని చేయకుండా ఆ నీళ్లగుండా సాగిపోయే హక్కు పరాయి ఓడలకు ఉంది. విమానాలకు ఆ హక్కు లేదు. ఆ ఆకాశంలోకి రావాలంటే అనుమతి కావలసిందే. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ తరవాతి జలాల మీద. తీరం నుంచి 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల వరకూ ప్రత్యేక ఆర్థిక మండలం, ఈఈజెడ్. అక్కడి చేపలు, చమురు, గ్యాసు తీర దేశానివి. ఓడలు నడిపే, విమానాలు ఎగిరే స్వేచ్ఛ అందరిదీ. మరి సైనిక నిఘా ఆ స్వేచ్ఛలో భాగమా? ఒప్పందంలో ఆ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చే వాక్యం లేదు. రాసినవాళ్లకు తోచక కాదు. తేల్చబోతే ఒప్పందమే కుదరదని వదిలేశారు.

వీధిలో నిలబడి పక్కింటి మాటలు వింటే, వీధి అందరిదీ అన్నది నిజమే, వినడం ఆ ఇంటివాళ్లకు నచ్చదన్నదీ నిజమే. అమెరికా మొదటి సగాన్ని పట్టుకుంది: ఈఈజెడ్ ఆర్థిక హక్కులకు సంబంధించినదే, భద్రత దాని పరిధిలోకి రాదు. చైనా రెండో సగాన్ని పట్టుకుంది: సముద్రాన్ని శాంతియుత ప్రయోజనాలకే వాడాలని అదే ఒప్పందం అంటోంది, తీర దేశపు హక్కుల పట్ల తగిన గౌరవం చూపాలనీ అంటోంది, తన గడప ముందు రోజూ నిఘా పెట్టడం ఆ రెండింటికీ విరుద్ధం. పైగా ఈఈజెడ్‌లో సముద్ర పరిశోధనకు తీర దేశం అనుమతి తీసుకోవాలి. సోనోబాయ్‌లు వేయడం పరిశోధన కిందికే వస్తుందని కొందరు చైనా పండితుల వాదన. ఒప్పందం మీద నేటికీ సంతకం చేయని అమెరికా అదే ఒప్పందం చూపించి ఇతరులకు పాఠం చెప్పడం చైనాకు మరింత మంట. అయినా ఒప్పందం పాఠాన్ని, దేశాల ఆచరణను కలిపి చూస్తే, 12 మైళ్ల అవతల నుంచి వినడం చట్టబద్ధమన్న వాదనకే బలం ఎక్కువ. ప్రపంచంలో ఎక్కువ దేశాలు దాన్నే అంగీకరిస్తున్నాయి.

చైనా సొంత నౌకల ప్రవర్తన కూడా ఆ వాదననే బలపరుస్తోంది. 2013లో సింగపూర్‌లో జరిగిన భద్రతా సదస్సులో ఒక చైనా సైనికాధికారి, అమెరికా ఈఈజెడ్‌లోకి తమవాళ్లూ వెళ్లడం మొదలుపెట్టారని చెప్పారు. 2014లో హవాయి దగ్గర అమెరికా నడిపే రింప్యాక్ విన్యాసాలకు చైనా నౌకలు ఆహ్వానం మీద వచ్చాయి. వాటితోపాటు పిలవని నిఘా నౌక కూడా ఒకటి వచ్చింది. అమెరికా అధికారులు దాన్ని తరమలేదు. అది తమ ఈఈజెడ్‌లో ఉన్నా అంతర్జాతీయ జలాల్లోనే ఉందని, చట్టబద్ధమేనని అన్నారు. అదే చైనా బెలూన్ 2023లో అమెరికా నేల మీదుగా సాగినప్పుడు, సముద్రం మీదికి రాగానే, ఇంకా తీరపు 12 మైళ్ల లోపలే ఉండగా, ఫిబ్రవరి 4న యుద్ధ విమానంతో కూల్చేశారు. ఆ బెలూన్‌కు అక్కడ ఎగిరే హక్కుందని చైనా కూడా వాదించలేదు. దారి తప్పిందని మాత్రమే అంది. 12 మైళ్ల లోపల చట్టం స్పష్టంగా ఉందనడానికి ఇది చాలు.

స్పష్టత లేనిచోట ఏం జరిగిందో పాత లెక్కలు చూస్తే తెలుస్తుంది. 1950 ఏప్రిల్ 8న లాత్వియా తీరం దగ్గర, బాల్టిక్ మీద, అమెరికా నౌకాదళ విమానాన్ని సోవియట్ విమానాలు కూల్చాయి, పదిమంది పోయారు. 1960 జులై 1న బారెంట్స్ సముద్రం మీద ఆర్‌బీ-47ను కూల్చారు. నలుగురు చనిపోయారు, ఇద్దరు పట్టుబడి మరుసటి జనవరి దాకా మాస్కో జైల్లో ఉన్నారు. 1969 ఏప్రిల్ 15న ఉత్తర కొరియా తీరానికి 160 కిలోమీటర్లకు పైగా దూరంలో ఈసీ-121ను ఆ దేశపు విమానాలు కూల్చాయి. అందులో ఉన్న 31 మందీ చనిపోయారు. 160 కిలోమీటర్లంటే ఏ చట్టం ప్రకారం చూసినా పరాయి ఆకాశం కాదు.

వీటిలో నన్ను ఎక్కువగా కలచేది స్వీడన్ కథ. 1952 జూన్ 13న ఎనిమిది మందితో బాల్టిక్ మీదికి వెళ్లిన స్వీడన్ డీసీ-3 విమానం మాయమైంది. మూడు రోజుల తరవాత దాన్ని వెతకబోయిన కాటలీనా విమానాన్ని కూడా సోవియట్ మిగ్‌లు కూల్చాయి. ఆ రెండో విమానంలోని అయిదుగురినీ ఒక జర్మన్ ఓడ కాపాడింది. మొదటి విమానం గురించి సోవియట్ ప్రభుత్వం తనకేమీ తెలియదంది. స్వీడన్ ప్రభుత్వం అది శిక్షణ కోసం వెళ్లిందంది. నిజానికి అది సోవియట్ రాడార్లను వినడానికి వెళ్లింది. తటస్థ దేశంగా పేరున్న స్వీడన్ ఆ మాటను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. ఆ ఎనిమిది మంది భార్యలకు, పిల్లలకు తమవాళ్లు చనిపోయారో, ఏ సైబీరియా శిబిరంలోనైనా బతికి ఉన్నారో తెలియలేదు. కూల్చింది తామేనని సోవియట్ యూనియన్ 1991లో ఒప్పుకుంది. విమానం 2003లో 126 మీటర్ల లోతున సముద్రం అడుగున దొరికింది. అప్పటికి యాభై ఒక్క ఏళ్లు గడిచాయి. నిఘా చట్టబద్ధమేనని గట్టిగా వాదించే దేశాలు దానికి పంపిన మనుషుల గురించి సొంత ప్రజలకు నిజం చెప్పాల్సిన బాధ్యతను మాత్రం మోయలేదు.

అమాయకులూ బలయ్యారు. 1983 సెప్టెంబర్ 1 రాత్రి దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లిన కొరియన్ ఎయిర్‌లైన్స్ 007ను సఖాలిన్ దగ్గర కూల్చేశారు. 269 మంది ప్రయాణికులు, సిబ్బంది చనిపోయారు. అంతకు కొద్ది గంటల ముందు కమ్చాత్కా తీరం దగ్గర అమెరికా ఆర్‌సీ-135 నిఘా విమానం ఒకటి తిరిగింది. తెర మీద కనిపించిన చుక్కను సోవియట్ సిబ్బంది మొదట అదే అనుకున్నారు. నిఘా విమానాలతో చిరాకెత్తి ఉన్న రక్షణ వ్యవస్థ ముందుకు నిండు ప్రయాణికుల విమానం వస్తే ఏమవుతుందో ఆ రాత్రి తేలింది.

ఇంత జరిగినా చట్టంలోని ప్రశ్న తేలలేదు. తేలకపోయినా ప్రాణాలు కాపాడే దారి ఒకటి దొరికింది. 1972 మే నెలలో అమెరికా, సోవియట్ యూనియన్ మాస్కోలో సముద్ర ఘటనల నివారణ ఒప్పందం చేసుకున్నాయి. ఎవరు ఎక్కడ తిరగొచ్చన్న వివాదం జోలికి అది పోలేదు. ఎదురుపడ్డప్పుడు ఎలా నడుచుకోవాలో మాత్రం చెప్పింది: అవతలి ఓడ మీదికి గురిపెట్టినట్టు నటించొద్దు, దాని మీదుగా విన్యాసాలు చేయొద్దు, ఏటా ఒకసారి కూర్చుని ఫిర్యాదులు మాట్లాడుకోవాలి. రెండు నౌకాదళాలూ దాన్ని చాలామటుకు పాటించాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసేదాకా అది నిలిచింది. అమెరికా, చైనా కూడా 2014లో ఇలాంటి అవగాహనకు వచ్చి, 2015లో విమానాల ఎదురుబాటు నియమాలను దానికి జోడించాయి. కానీ అవి ఐచ్ఛికం. పాటించకపోతే అడిగే నాథుడు లేడు.

ఫలితం కళ్లముందే ఉంది. 2022 మే 26న ఆస్ట్రేలియా పీ-8 విమానం ముందుకు ఒక చైనా యుద్ధ విమానం వచ్చి చాఫ్ వదిలింది. రాడార్‌ను మోసగించడానికి వెదజల్లే సన్నని లోహపు పోగులవి. వాటిలో కొన్ని ఆస్ట్రేలియా విమానం ఇంజిన్‌లోకి పోయాయి. అదే ఏడాది సెప్టెంబర్ 29న నల్లసముద్రం మీద బ్రిటన్ నిఘా విమానం దగ్గర ఒక రష్యన్ యుద్ధ విమానం క్షిపణి వదిలింది. సాంకేతిక లోపమని రష్యా అంది, బ్రిటన్ బహిరంగంగా ఒప్పుకుంది. పైలట్ కావాలనే పేల్చాడని తరవాత వార్తలొచ్చాయి. ఆ క్షిపణి తగిలి ఉంటే నాటో దేశానికీ రష్యాకూ మధ్య ఏమై ఉండేదో ఆలోచించడానికే భయం వేస్తుంది. 2023 మార్చి 14న అదే సముద్రం మీద రష్యా సుఖోయ్ ఒక అమెరికా డ్రోన్ మీద ఇంధనం కుమ్మరించి, దాని పంకాను గుద్దింది. డ్రోన్ సముద్రంలో పడింది. అందులో మనిషి లేడు కాబట్టి గొడవ అక్కడితో ఆగింది.

ఈ గొడవలో మనం ప్రేక్షకులం కాము. 1995లో సముద్ర చట్టాల ఒప్పందాన్ని ఆమోదిస్తూ భారత్ ఒక ప్రకటన చేసింది: తీర దేశం అనుమతి లేకుండా ఈఈజెడ్‌లో సైనిక విన్యాసాలు, ముఖ్యంగా ఆయుధాలు, పేలుడు పదార్థాలతో చేసేవి జరపడానికి ఆ ఒప్పందం అనుమతించదన్నది మన అవగాహన అని. ఈ విషయంలో మనం అమెరికా కంటే చైనాకే దగ్గర. 2021 ఏప్రిల్ 7న అమెరికా యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీప్‌కు పశ్చిమంగా 130 నాటికల్ మైళ్ల దూరంలో, మన ఈఈజెడ్‌లో, అడక్కుండా తిరిగి, అడగలేదన్న సంగతిని ప్రకటించింది కూడా. మన విదేశాంగ శాఖ అభ్యంతరం తెలిపింది. ఇంకోపక్క తమిళనాడులోని అరక్కోణం నుంచి, గోవా నుంచి లేచే మన నౌకాదళపు పీ-8ఐ విమానాలు హిందూ మహాసముద్రమంతా గాలిస్తున్నాయి. అణు జలాంతర్గామి అరిహంత్‌ను విశాఖలో కట్టుకున్నాం. క్షిపణుల జాడ పట్టే చైనా నౌక యువాన్ వాంగ్-5 2022 ఆగస్టులో శ్రీలంకలోని హంబన్‌తోటకు వచ్చినప్పుడు మనకు ఎంత కలవరమైందో గుర్తుండే ఉంటుంది. హైనాన్‌వాళ్ల భయమేమిటో విశాఖ తీరానికి అర్థం కాకపోదు. వినడం మనకు కావాలి, మనల్ని వినడం మనకు వద్దు. ప్రతి దేశం కోరికా ఇదే కాబట్టే చట్టంలో ఈ ప్రశ్నకు జవాబు రావడం లేదు, దగ్గర్లో రాదు కూడా.

విమానానికీ విమానానికీ మధ్య ఎంత ఎడం ఉండాలన్నది మాత్రం రేపే తేల్చుకోవచ్చు. అలాంటి నియమాలు కుదరకముందే మన పొరుగునే ఒక ఘోరం జరిగింది. 1999 ఆగస్టు 10న కచ్ తీరం దగ్గర పాకిస్తాన్ నౌకాదళపు అట్లాంటిక్ నిఘా విమానాన్ని మన మిగ్-21 కూల్చింది. 16 మంది చనిపోయారు. తమ సరిహద్దు లోపలే ఉందని పాకిస్తాన్, మన సరిహద్దు దాటిందని మనం. పాకిస్తాన్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. ఆ కేసు వినే అధికారం తనకు లేదని 2000 జూన్ 21న న్యాయస్థానం 14-2 ఓట్లతో తేల్చింది. ఎవరిది తప్పో ఏ కోర్టూ చెప్పలేదు.

సరిహద్దుకు 10 కిలోమీటర్ల లోపు యుద్ధ విమానాలు ఎగరకూడదని ఆ రెండు దేశాల మధ్య 1991 నుంచే ఒప్పందం ఉంది. సముద్రం మీద ఎదురుపడే ఓడలకు, విమానాలకు నియమాలు మాత్రం లేవు. వాటిని రాసుకుంటామని రెండు దేశాలూ మాట ఇచ్చుకున్నాయి. 1999 ఫిబ్రవరి 21న, లాహోర్‌లో సంతకాలైన అవగాహన పత్రంలో, సముద్ర ఘటనల నివారణకు ఒప్పందం చేసుకుంటామని, అది నౌకాదళ విమానాలకూ వర్తిస్తుందని స్పష్టంగా ఉంది. ఆ తరవాత ఆరు నెలలు తిరక్కుండానే అట్లాంటిక్ కూలింది. చైనాతో కూడా మనకు సముద్రం మీద ఇలాంటి ద్వైపాక్షిక ఒప్పందం ఉండాలి; ముందు లాహోర్‌లో ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి. పాతికేళ్లు దాటినా ఆ ఒప్పందం మీద ఇంతవరకూ సంతకాలు కాలేదు.